ఉండాలా, కదలాలా: తుపాను వేళ విజయవాడ వాసి ముందున్న దారులు

మచిలీపట్నం తీరం విజయవాడకు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెన వంటిది ఇంత లోపలికి రాదు. తుపాను నేల మీదికి వచ్చిన కొద్దీ బలహీనపడుతుంది కనుక తీరంలో చెట్లను పెకలించే గాలి కూడా ఇక్కడికి వచ్చేసరికి చాలావరకు తగ్గుతుంది. ఈ కారణంగానే తుపాను కబురు వినగానే బెజవాడలోను, గుంటూరులోను చాలామంది అది బందరు వాళ్ళదో, బాపట్ల వాళ్ళదో అయిన సమస్యగా భావిస్తారు. గాలి విషయంలో ఆ భావనలో కొంత నిజముంది. నీటి విషయంలో మాత్రం లేదు.

2024 ఆగస్టు 31 అర్ధరాత్రి ప్రాంతంలో కళింగపట్నం దగ్గర తీరం దాటినది తుపాను కానే కాదు, అది పేరు పెట్టని ఒక వాయుగుండం. తీరం దాటిన చోటు ఉత్తరాంధ్రలో ఉంది, ఇక్కడికి వందల కిలోమీటర్ల దూరం. అయినా మరునాడు, సెప్టెంబరు 1 ఆదివారం నాడు, అజిత్‌సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాంబే కాలనీ వంటి ప్రాంతాలు బుడమేరు నీటిలో మునిగిపోయాయి, ఎంతోమంది రోజుల తరబడి మేడల మీదే చిక్కుకుపోయారు. అంతకు ముందు ఏడాది, 2023 డిసెంబరు 5న, తీవ్ర తుపానుగా పేరు మోసిన మిచౌంగ్ బాపట్ల దగ్గర, అంటే మనకు ఎంతో దగ్గరగా, తీరం దాటింది. పొలాలకు అది చేసిన నష్టం పెద్దదే గాని, విజయవాడ నగరానికి పేరు లేని వాయుగుండం చేసిన చేటుతో దానిని పోల్చలేము. వాయుగుండం, తుపాను, తీవ్ర తుపాను అనే వర్గీకరణ పూర్తిగా గాలి వేగం మీద ఆధారపడినది. గాలి గంటకు 62 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటేనే తుపాను అంటారు. అది ఎంత వాన కురిపిస్తుందో ఆ పేరు చెప్పదు.

కాబట్టి టీవీలో కనిపించే తుపాను పేరును, రేవులలో ఎగరవేసే ప్రమాద సూచిక నంబరును పక్కన పెట్టాలని నా సలహా. ఆ నంబర్లు ఓడల కోసం ఏర్పడినవి. ఊరి లోపల ఉండే మనం చూడవలసినది జిల్లాకు వాతావరణ శాఖ ఇచ్చే వర్ష హెచ్చరిక రంగును. 24 గంటలలో 11.5 సెంటీమీటర్లు దాటితే అతి భారీ వర్షమని, 20.4 సెంటీమీటర్లు దాటితే అత్యంత భారీ వర్షమని ఆ శాఖ లెక్క. ఎన్టీఆర్, గుంటూరు జిల్లాలకు అన్నిటికంటే తీవ్రమైన ఎరుపు రంగు పడిందంటే, తుపాను ఒడిశా వైపు వెళుతున్నా సరే, ఈ వ్యాసంలోని ప్రశ్న మీ ముందుకు వచ్చినట్లే.

మీ ఇంటి దగ్గరకు వచ్చేది ఏ నీరు?

ఎక్కడికి వెళ్ళాలన్నది తేల్చుకునే ముందు దీనికి సమాధానం తెలియాలి, ఎందుకంటే ఒక్కొక్క నీరు ఒక్కొక్క విధమైన గడువు ఇస్తుంది.

కృష్ణ చెప్పి వస్తుంది. నాగార్జునసాగర్ నుంచి, పులిచింతల నుంచి వదిలిన నీరు ప్రకాశం బ్యారేజీకి చేరడానికి గంటలు పడుతుంది, ఎంత వదిలారో ఎప్పటికప్పుడు ప్రకటిస్తారు. బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండవది జారీ అవుతుంది. 2024 సెప్టెంబరు 2న అది 11.43 లక్షల క్యూసెక్కులను తాకింది. బ్యారేజీ కట్టిన తరువాత నమోదైన అత్యధిక ప్రవాహం అదే. అంతటి వరదలోనూ కృష్ణలంక, రాణిగారితోట ప్రాంతాలను రిటైనింగ్ వాల్ చాలావరకు కాపాడింది. గోడ వెనుక ఉన్నవారికి, కరకట్టకు నది వైపున ఉన్నవారికి ముప్పు ఒకటి కాదు. రెండవ వర్గం వారు మొదటి హెచ్చరికకే కదలాలి. ఇందులో ఒక మెలిక ఉంది. మున్నేరు, వైరా, పాలేరు నీళ్ళు పులిచింతల దిగువన వచ్చి కలుస్తాయి కనుక పులిచింతల లెక్క ఒక్కటే చూసి ధైర్యంగా ఉండకూడదు.

బుడమేరు అలా చెప్పి రాదు. మైలవరం వైపు కొండలలో పుట్టే ఈ వాగు నీటిని వెలగలేరు దగ్గర రెగ్యులేటరు ద్వారా కృష్ణలోకి మళ్ళిస్తారు. కృష్ణ తక్కువగా పారుతున్నప్పుడు ఈ ఏర్పాటు బాగానే పనిచేస్తుంది. కృష్ణ కూడా నిండుగా ఉన్న రోజున మళ్ళింపు కాలువ నీరు నదిలోకి దిగక ఎదురు తన్నుతుంది. 2024లో ఆ కాలువకు గండ్లు పడ్డాయి, రెగ్యులేటరు గేట్లు ఎత్తడంతో నీరు పాత దారిన నగరం మీదికి వచ్చింది. నీరు వీధిలో కనిపించడానికీ కింది వాటా మునగడానికీ మధ్య కొద్ది గంటల గడువు మాత్రమే మిగిలింది. సింగ్‌నగర్, కండ్రిక, జక్కంపూడి, నున్న వైపు ఉండేవారు బ్యారేజీ అంకెల కంటే మైలవరం, జి.కొండూరు మండలాలలో ఎంత వాన పడిందన్న దాని మీదే దృష్టి పెట్టాలి. అక్కడ రాత్రంతా కురిసిన వాన ఇక్కడి వీధులలోకి తెల్లవారేసరికి రావచ్చు.

కొండ అసలు గడువే ఇవ్వదు. అదే ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ళ మీద విరిగిపడి మనుషులు చనిపోయారు. ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల, విద్యాధరపురం, గుణదల, మాచవరం కొండల మీద ఇళ్ళున్నవారు ఎత్తులో ఉన్నాం కదా, వరద భయం లేదు అనుకుంటారు. వరద భయం లేని మాట నిజమే గాని, రెండు రోజులు ఎడతెరిపి లేకుండా వాన కురిసి మట్టి నానిన తరువాత కొండవాలు ఇల్లు సింగ్‌నగర్‌లోని కింది వాటా కంటే ప్రమాదకరమైనదని నా అభిప్రాయం. నీటి నుంచి మేడ ఎక్కి తప్పించుకోవచ్చు, రాతి నుంచి తప్పించుకోలేము.

గుంటూరులో ఇంత పెద్ద నది ముప్పు లేదు. అక్కడ సమస్య కాలువలు పొంగడం, రైల్వే వంతెనల కింద నీరు నిలవడం, ఊరి చుట్టూ వాగులు రోడ్ల మీదికి రావడం. గుంటూరు వాసికి ఇల్లు వదలవలసిన అవసరం తక్కువ, ఇల్లు కదలకుండా ఉండవలసిన అవసరం ఎక్కువ. 2024 ఆగస్టు 31నే పెదకాకాని మండలం ఉప్పలపాడు దగ్గర వాగు దాటబోయిన కారు కొట్టుకుపోయి ఒక ఉపాధ్యాయుడు, ఇద్దరు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు.

నాలుగు దారులు

మొదటిది, ఉన్నచోటే ఉండి పై అంతస్తుకు చేరడం. సిమెంటు స్లాబు ఇంట్లో మొదటి అంతస్తుగాని, ఆ పైన గాని ఉండేవారికి, ఇంట్లో నడవలేని వృద్ధులు, నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్ అవసరమున్న రోగులు లేకపోతే, ఇది మంచి ఎంపికే. ప్రాణానికి ముప్పు ఉండదు, సామాను మీ కళ్ళ ముందే ఉంటుంది. అయితే అపార్ట్‌మెంటులో మూడవ అంతస్తులో ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండవచ్చునని అనుకోవడం పొరపాటు. జనరేటరు, మీటరు బోర్డులు, సంపు మోటారు సెల్లారులో ఉంటే నీరు సెల్లారులోకి దిగిన క్షణం నుంచి లిఫ్టు ఉండదు, కుళాయిలో నీరు ఉండదు, సంపులో ఉన్నది మురుగునీటితో కలిసిపోతుంది. అప్పుడు మీ మూడవ అంతస్తు దిగడానికి వీలులేని చోటవుతుంది. 2024లో చాలా కుటుంబాలను బాధించింది మునక కంటే ఈ స్థితే: పడవ వచ్చేదాకా తాగునీరు లేదు, ఫోన్‌లో చార్జింగ్ లేదు, పాలు లేవు. ఉండదలచినవారు కనీసం ఐదు రోజులకు సిద్ధపడి ఉండాలి, లేకపోతే ఉండకూడదు. రేకుల ఇంటివారికి, ఒకే అంతస్తు ఉన్న పాత పెంకుటింటివారికి ఈ దారి లేదు. గాలి మోస్తరుగా ఉన్నా రేకు లేస్తుంది.

రెండవది, ఊరిలోనే మెరక ప్రాంతంలో ఉన్న బంధువుల ఇంటికి వెళ్ళడం. కింది వాటాలలో ఉండే చాలా కుటుంబాలకు నేను ముందుగా సూచించేది ఇదే. దూరం తక్కువ, పిల్లలకు కొత్త ఉండదు, వాన తగ్గగానే వచ్చి ఇల్లు చూసుకోవచ్చు, అవసరమైన ఆసుపత్రి దగ్గరలోనే ఉంటుంది. ఇంటిని ఎంచుకోవడంలో మాత్రం ఒక నియమం పాటించాలి: ఆ ఇల్లు మీ నీటికి అవతలి వైపున ఉండాలి. పాయకాపురం నుంచి రాజీవ్‌నగర్‌కు వెళితే ఒక ముంపు నుంచి మరో ముంపుకు వెళ్ళినట్లే. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాటి రైలు పట్టాలకు ఇవతల, ఊరి మధ్యలో ఉన్న పై వాటా అయితే వేరు. 2024లో పడవల మీద, ట్రాక్టర్ల మీద వచ్చినవారంతా దిగింది ఆ ఫ్లైఓవర్ దగ్గరే. వియ్యాలవారి ఇంటికి పది మందిమి ఎలా వెళతామన్న మొహమాటం చాలామందిని ఆపుతుంది. ఆ మొహమాటానికి మందు మే నెలలోనే మాట్లాడుకోవడం. వారికి అవసరమైనప్పుడు మీ ఇల్లు, మీకు అవసరమైనప్పుడు వారిల్లు అన్న ఒప్పందం ఎండలున్నప్పుడు సులువుగా కుదురుతుంది.

మూడవది, ఊరు వదిలి దూరంగా వెళ్ళడం. వినడానికి అన్నిటికంటే భద్రంగా తోచే ఈ దారే ఆచరణలో ఎక్కువగా మోసం చేస్తుంది. హైదరాబాదు వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారిని మున్నేరు 2023 జులైలో ఐతవరం దగ్గర ముంచెత్తింది, 2024 సెప్టెంబరులోనూ ఆ దారి మూసుకుపోయింది. అదే సమయంలో కేసముద్రం వైపు రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి కాజీపేట మార్గంలో రైళ్ళు ఆగాయి, నగరం అంచునే ఉన్న రాయనపాడు స్టేషను నీటిలో నిలిచింది. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను తీరం దాటిన రాత్రి కృష్ణా, ఏలూరు సహా పలు జిల్లాలలో రహదారుల మీద వాహనాలనే నిలిపివేశారు. దూర ప్రయాణం మంచి ఎంపిక కావాలంటే వాన మొదలు కాకముందే బయలుదేరగలగాలి. మొదటి హెచ్చరికనాడే సెలవు పెట్టుకోగల ఉద్యోగికి, నెలలు నిండిన కూతురిని ముందే తరలించే కుటుంబానికి ఇది సరిపోతుంది. ఎరుపు రంగు పడిన తరువాత హైదరాబాదు ఆలోచన మానుకోవడం మంచిది. తప్పనిసరిగా వెళ్ళవలసి వస్తే ఏ వైపున తక్కువ వాగులు అడ్డు వస్తాయో చూసుకోవాలి. కృష్ణ మీది కనకదుర్గ వారధి దాటి గుంటూరు వెళ్ళడం సాధారణంగా దగ్గర దారి, కాని ఆ రహదారి కూడా కాజ దగ్గర నీరు నిలిచే స్వభావం కలది. లాడ్జిలో గది తీసుకోవడం కూడా ఈ కోవలోదే, ముందు రోజే తీసుకుంటే ఉపయోగపడుతుంది, ముంపు వచ్చాక గది దొరకదు.

నాలుగవది, ప్రభుత్వ పునరావాస కేంద్రం. మధ్యతరగతివారు దీనిని పేదలకు మాత్రమే అనుకుంటారు. నిజానికి పాఠశాలలోనో కల్యాణ మండపంలోనో ఏర్పాటయ్యే ఈ కేంద్రంలో భోజనం, తాగునీరు, వైద్య శిబిరం ఒకే చోట దొరుకుతాయి. రేకుల ఇంటివారికి, బంధువులు లేనివారికి, ఒంటరి వృద్ధులకు ఇంతకు మించిన దారి లేదు. లోపాలు కూడా దాచనవసరం లేదు. మరుగుదొడ్లు జనానికి సరిపోవు, ఆడవారికి చాటు తక్కువ, పసిపిల్లలకు నిద్ర ఉండదు. అందుచేత పడుకోవడానికి దుప్పటి, మందులు, పిల్లల పాలపొడి, నెలసరి సామగ్రి మీ వెంట ఉంటే ఇబ్బంది సగం తగ్గుతుంది. మీ వార్డు సచివాలయంలో ముందుగానే అడిగితే ఏ భవనం మీకు కేంద్రమో చెబుతారు. ఆ భవనం మీ వీధి కంటే పల్లంలో ఉందేమో మీరే వెళ్ళి చూడండి.

జనం ఇల్లు వదలకపోవడానికి రెండు భయాలు కారణం. ఒకటి దొంగతనం. బంగారం, పత్రాలు వెంట తీసుకువెళ్ళి, మిగిలిన విలువైన సామాను పై వాటావారికి అప్పగిస్తే ఆ భయం చాలావరకు తీరుతుంది. రెండవది, ఇంట్లో లేకపోతే నష్టపరిహారం రాదేమోనన్నది. 2024లో నీరు తీసిన తరువాత సిబ్బంది ఇంటింటికీ తిరిగి నష్టం నమోదు చేశారు. మునిగిన కింది వాటాకు 25,000 రూపాయలు, పై అంతస్తులవారికి 10,000 రూపాయలు ప్రకటించారు. ఆ సాయం కోసం వరదలో కూర్చోవలసిన అవసరం లేదు, నీరు తీశాక తిరిగి వచ్చి ఇంట్లో ఉండటమే ముఖ్యం.

ఎప్పుడు కదలాలి?

నా దృష్టిలో ఎక్కడికన్న ప్రశ్న కంటే ఇదే పెద్దది. సాధారణమైన ఇంటికి పగటి వెలుగులో చేరడం, భద్రమైన ఇంటికి అర్ధరాత్రి నీటిలో నడిచి చేరడం అనే రెండింటిలో మొదటిదే ఎప్పుడూ మేలు. వాతావరణ శాఖ తుపాను అలర్టును సుమారు 48 గంటల ముందు, తుపాను హెచ్చరికను 24 గంటల ముందు ఇస్తుంది. అలర్టు నాడు సామాను సర్దుకోవాలి, వెళ్ళవలసిన ఇంటికి ఫోన్ చేయాలి. హెచ్చరిక నాడు సాయంత్రం నాలుగు గంటలకు కుటుంబమంతా కూర్చుని నిర్ణయం తీసుకోవాలి. కింది వాటా, బుడమేరు పరిసరం, జిల్లాకు ఎరుపు రంగు ఈ మూడూ కలిస్తే చర్చ అక్కరలేదు, చీకటి పడకముందే బయలుదేరాలి. వెళ్ళిన తరువాత వాన పడకపోతే నష్టపోయేది ఒక రాత్రి నిద్ర మాత్రమే.

ఆ గడువు దాటిపోయి వీధిలో నీరు పారడం మొదలైతే నిర్ణయం తిరగబడుతుంది. అప్పుడు బయటికి వెళ్ళడం కంటే పక్కింటి మేడ ఎక్కడమే మంచిది. అడుగు లోతున వేగంగా పారే నీరు చిన్న కారును కదిలించగలదు, నీటి కింద తెరిచి ఉన్న మ్యాన్‌హోల్ కనబడదు, తెగిన కరెంటు తీగ అసలే కనబడదు. మేడ మీది నుంచి 112కు గాని, రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ నంబరు 1070కి గాని ఫోన్ చేసి ఇంటి గుర్తు, ఉన్నవారి సంఖ్య, రోగులుంటే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి. కట్ట తెగిందంటూ వాట్సాప్‌లో తిరిగే మాటలు విని పరుగెత్తవద్దు. ప్రభుత్వ విపత్తు హెచ్చరికలు ఇచ్చే సచేత్ యాప్‌లోనో, కలెక్టరు ప్రకటనలోనో లేని మాటను నమ్మనవసరం లేదు.

ఉండేవారి సామగ్రిలో ఎంపికలు

తాగునీటికి మనిషికి రోజుకు మూడు లీటర్లు లెక్క వేసుకోవాలి. నలుగురికి ఐదు రోజులకు 60 లీటర్లు, అంటే 20 లీటర్ల టిన్నులు మూడు. వాడుకనీటికి ఇంట్లోని డ్రమ్ములు, బిందెలు ముందు రోజే నింపితే చాలు. ఇన్వర్టరా, పవర్ బ్యాంకా అంటే ముంపు ప్రాంతంలో పవర్ బ్యాంకే మేలు. ఇన్వర్టరు బ్యాటరీ చాలా ఇళ్ళలో నేల మీదే ఉంటుంది, ముందు మునిగేది అదే. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఒక ఫోన్‌ను రెండు మూడుసార్లు నింపుతుంది. వంటకు గ్యాస్ బండను పై అంతస్తుకు చేర్చి నిలువుగా గోడకు కట్టి ఉంచాలి. కరెంటు పొయ్యి మీద ఆధారపడకూడదు. అటుకులు, మరమరాలు, బెల్లం, బిస్కెట్లు వండనవసరం లేనివి కనుక బియ్యం కంటే ముందు వాటినే సర్దుకోవాలి. వాడుతున్న ఇన్సులిన్ సీసా ఎండ తగలని చల్లని చోట ఫ్రిజ్ లేకుండానే దాదాపు నాలుగు వారాలు నిలుస్తుంది కాబట్టి కరెంటు పోయిందని పారేయకండి. పత్రాలు డిజిలాకర్‌లో ఉన్నా, ఇంటి దస్తావేజులు, బీమా పాలసీలు అసలు కాగితాలే ప్లాస్టిక్ సంచిలో చుట్టి వెంట ఉంచుకోవాలి.

వాహనాల విషయంలో కారును సెల్లారులో వదలడం కంటే మెరక రోడ్డు పక్కన వదలడం నయం. చెట్టు కింద, హోర్డింగు కింద మాత్రం పెట్టవద్దు. సమగ్ర బీమా ఉన్న కారుకు వరద నష్టం వర్తిస్తుంది గాని, నీటిలో మునిగిన ఇంజనును స్టార్ట్ చేయడం వల్ల కలిగే నష్టాన్ని ఇంజను రక్షణ అనే అదనపు పాలసీ లేకపోతే కంపెనీలు సాధారణంగా తిరస్కరిస్తాయి. నీరు తీసి ఇంటికి తిరిగి వచ్చిన రోజున ముందు మెయిన్ స్విచ్ ఆపి ఉందో లేదో చూడాలి. గోడ మీద నీటి గీత కనిపించేలా ప్రతి గదిని, వాహనాన్ని ఫోటోలు తీయాలి, ఆ తరువాతే బురద కడగడం మొదలుపెట్టాలి. కారు తాళం తిప్పకుండా సర్వీసు కేంద్రానికి లాగించుకుపోవాలి. ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఏ స్విచ్చూ వేయకూడదు, సంపును కడిగి క్లోరిన్ వేసేదాకా ఆ నీటిని నోట పెట్టకూడదు.